కల్లంలో కుర్చీ

పల్నాడు వెళ్ళొస్తానంటే మా రాజమండ్రిలో ముగ్గురు మూడు రకాలుగా భయపెట్టారు. పక్కింటావిడ ఎండ గురించి చెప్పింది. మా తమ్ముడు అక్కడి రాజకీయాల గురించి చెప్పాడు. మా మరదలు అక్కడి పచ్చళ్ళ గురించి చెప్పింది. ముగ్గురిలో నిజం చెప్పింది మా మరదలే. పండుమిరప పచ్చడి మొదటి ముద్దకే నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఎండ మాకూ ఉంది, కొత్తేం కాదు. ఇక రాజకీయం. అది ఎంత బాగుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. నన్ను రమ్మన్నది మరియమ్మ. ట్రైనింగులో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. తర్వాత నా ఉద్యోగం గోదావరి ఒడ్డున, ఆమెది పల్నాటి పల్లెల్లో సాగింది. "శివరాత్రి అయినాక రావే సుభద్రా. ఒక అర్జీ రాయాలి. నీ చేతిరాత బాగుంటది" అంది ఫోన్లో. అర్జీ రాయడానికి ఎవరైనా అంత దూరం వెళతారా అని ఇంట్లో నవ్వారు. రెండు పెట్టెల పూతరేకులు కొనుక్కుని బయల్దేరాను.

నరసరావుపేట

బస్టాండు బయట గోలీ సోడా కొట్టు దగ్గర మరియమ్మ నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. "ఏమే, ఇంత లావయ్యావేంది?" అన్నది మొదటి పలకరింపు. సోడా పదిహేను రూపాయలు. కొట్టు ముసలాయన నా మొహం చూసి, "ఏందమ్మా, ఈ ఎండకే అట్టా అయ్యావు? ఇంకా ముందుంది" అన్నాడు. మా వైపు 'అండీ' తగిలించకుండా మాట గడప దాటదు. ఇక్కడ ముక్కూమొహం తెలియని మనిషి కూడా నువ్వు అనేస్తాడు. మొదటిరోజు మనసులో గింజుకున్నాను. రెండోరోజుకు ఆ నువ్వులో ఉన్న దగ్గరితనం తెలిసింది. మూడోరోజు నేనే ఆటోవాణ్ణి నువ్వన్నాను.

ఆ సాయంత్రం మరియమ్మ ఇంట్లో గోంగూర మాంసం తింటూ పాత సంగతులు తవ్వుకున్నాం. మా ఉద్యోగమంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ క్యాంపులే. నెలకు ఇంతమంది ఆడవాళ్ళను తీసుకురావాలని పైనుంచి మాట. ఇరవై రెండేళ్ళ పిల్లల్ని జీపెక్కించి తీసుకెళ్ళాం. మగవాళ్ళకైతే చిన్న కోతతో పోతుందని, అదేరోజు ఇంటికి నడిచి వెళ్ళొచ్చని మా ఇద్దరికీ తెలుసు. ఏ మగవాడి ముందూ ఆ మాట ఎత్తలేదు. "నీకేం కావాలని ఒక్కదాన్నన్నా అడిగామా మనం?" అంది మరియమ్మ. నేను అడగలేదు. ఆ మాట నాకు గోంగూర కన్నా పుల్లగా తగిలింది.

అప్పుడు చెప్పింది అర్జీ సంగతి. కారంపూడి దాటాక ఒక ఊరుంది (పేరు రాయనని మాటిచ్చాను, మనుషుల పేర్లూ మార్చాను). మరియమ్మ చివరి పదేళ్ళు పనిచేసిన ఊరు. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రానికి తాళం పడింది. కట్టడం పంచాయతీది, లోపల మాత్రం ప్రెసిడెంటు ఎరువుల బస్తాలు. ఇప్పుడున్న నర్సు అమ్మాయి వచ్చి ఎవరింటి అరుగు మీదో కూర్చుని మాత్రలు ఇచ్చి వెళుతుంది. అరుగు మీద ఏ ఆడది తన కడుపు సంగతి విప్పి మాట్లాడుతుంది? మాట్లాడాలంటే గురజాల పోవాలి. గురజాల పోవాలంటే ఒకరోజు కూలి పోవాలి, ఇంట్లో అత్తకూ మొగుడికీ కారణం చెప్పాలి. గ్రామసభలో ఆ తాళం తీయించాలని ఊరి ఆడవాళ్ళ కోరిక.

కోటప్పకొండ

దారిలోనే కదా అని మర్నాడు కోటప్పకొండ ఎక్కాం. మరియమ్మ ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి. "మీ దేవుడైతే ఏంది, ఎక్కడం మోకాళ్ళకు మంచిది" అంటూ నాకంటే ముందు నడిచింది. తిరునాళ్ళకు ఊళ్ళనుంచి తెచ్చిన ప్రభల వెదుర్లు ఇంకా కొన్ని కిందే పడి ఉన్నాయి.

పూలమ్మే ఆవిడ నన్ను ఆపి, ముందు గొల్లభామ గుడికి వెళ్ళాకే స్వామి దగ్గరికి పొమ్మంది. ఎందుకని అడిగాను. "కడుపుతో ఉండి కూడా కొండెక్కడం మానలా ఆ తల్లి. ఇంక ఎక్కలేను సామీ అంటే, నేనే దిగొస్తా, నువ్వు ముందు నడువు, వెనక్కి మాత్రం చూడమాక అన్నాడంట. చప్పుడైతే చూసింది. ఆడనే శిలైపోయింది" అని చెప్పి, మూర పాతిక రూపాయలు తీసుకుంది. "పాపం, చూస్తే తప్పేంటండీ?" అన్నాను. "తప్పని నేననలా. అందుకే గదా ముందు దణ్ణం ఆమెకి!" అంది. ముందు గొల్లభామ గుడికే నడిచాను.

దిగుతుంటే కోతి ఒకటి సంచీలో చెయ్యి పెట్టి ఒక పూతరేకుల పెట్టె లాక్కుపోయింది. పొర పొర విప్పుకుని తిన్న పద్ధతి చూస్తే ఆత్రేయపురం కోతేమో అనిపించింది. ఇక మిగిలింది ఒక్క పెట్టె. ఆ పెట్టెతోనే నా పరువు పోయింది, చెబుతాను.

కారంపూడి

మూడోరోజు కారంపూడిలో టీకి ఆగాం. టీ పది రూపాయలు, చిక్కగా ఉంది. వీరుల గుడి చూపించిన ఆటో అబ్బాయి, ఆ పాత యుద్ధం కథంతా చెప్పి, చివర్లో "ఆడపెత్తనం వల్లనమ్మా, అంతా నాశనమైంది" అన్నాడు. వందల ఏళ్ళ కిందట ఈ నేల మీద ఒక ఆడమనిషి మంత్రిగా ఉందట. కత్తులు పట్టి నరుక్కున్నది మగవాళ్ళు. వాళ్ళకు గుళ్ళు, ఆమెకు తిట్లు.

"కోడిపందెం ఓడిపోయి యుద్ధం చేసుకున్న మగాళ్ళ తప్పేం లేదా నాయనా?" అన్నాను. అద్దంలో నావైపు చూసి, "మా నాయనమ్మా ఇట్నే అనేది" అని నవ్వి, చార్జీలో పది రూపాయలు తగ్గించుకున్నాడు.

ఊళ్ళో

మరియమ్మ నన్ను తిన్నగా ప్రెసిడెంటు ఇంటికి తీసుకెళ్ళింది. పెద్ద డాబా. గేటుకు పక్కన ఫ్లెక్సీ, అందులో గళ్ళ తుండు వేసుకున్న నలభై ఏళ్ళ మనిషి నిలువెత్తు బొమ్మ. ఆ మనిషే వసారాలో కూర్చుని ఉన్నాడు. నేను చేతులు జోడించి, "నమస్కారం ప్రెసిడెంటు గారూ" అని పూతరేకుల పెట్టె అందించాను. లోపల్నుంచి తొంగి చూసిన ముప్ఫై ఏళ్ళామెతో, "కాస్త మంచినీళ్ళు ఇస్తావా అమ్మా?" అన్నాను.

మరియమ్మ నా చెయ్యి గిల్లింది. ఆ ఊరి సర్పంచి నీళ్ళు తెస్తున్న కోటేశ్వరమ్మ. పెట్టె తీసుకున్న సాంబయ్య ఆమె మొగుడు. సీటు ఆడవాళ్ళకు రిజర్వయిందని భార్యను నిలబెట్టి, తను ప్రెసిడెంటయ్యాడు. ఫ్లెక్సీ మళ్ళీ చూస్తే, కింద మూలన పోస్టల్ స్టాంపంత బొమ్మలో ఆమె ఉంది. ఆడవాళ్ళ హక్కుల కోసం అర్జీ రాయడానికి గోదావరి దాటి వచ్చిన మనిషిని నేను! వచ్చీరాగానే చేసిన ఘనకార్యం ఇది. సిగ్గుతో చచ్చిపోయాను.

సాంబయ్య చెడ్డగా మాట్లాడే మనిషేం కాదు. ఎరువుల బస్తాల మాట ఎత్తగానే మాత్రం, "సభలో చూద్దాంలేమ్మా" అని లేచి పొలం వెళ్ళిపోయాడు.

పెరట్లో కోటేశ్వరమ్మ (ఊరంతా కోటమ్మే అంటారు) జొన్నరొట్టెలు కాలుస్తూ తన సంగతి తనే చెప్పింది. ఇది మాత్రం రాయమంది.

మన రాష్ట్రంలో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని చాలా ఏళ్ళు రూలుండేది. ఈమధ్యే తీసేశారు. ఎన్నికలొచ్చే నాటికి కోటమ్మకు ఇద్దరు ఆడపిల్లలు, మూడోది కడుపులో ఉంది. పుడితే పదవి దక్కదు. గుంటూరు తీసుకెళ్ళి తీయించారు, పనిలో పనిగా ఆపరేషన్ కూడా చేయించారు. "నాకు ఆ బిడ్డ కావాల్నో వద్దో నాకే తెలవదక్కా. ఆలోచించుకునేదానికి నన్ను అడిగితే గదా!" అంది రొట్టె తిప్పుతూ.

ఇప్పుడు రూలు పోయింది. పైగా ఎక్కువమందిని కనమని పెద్దపెద్దవాళ్ళే మైకుల్లో చెబుతున్నారు. సాంబయ్యకు మగపిల్లాడి మీద మళ్ళీ ఆశ పుట్టింది. కోసిన ట్యూబులు అతికించే డాక్టరు ఉన్నాడని ఎవరో చెప్పారట. వచ్చేవారం ప్రయాణమట.

"తీయించమన్నదీ ఆయనే, కోయించమన్నదీ ఆయనే, ఇప్పుడు అతికించమంటన్నదీ ఆయనే. నా ఒళ్ళేవన్నా టైలర్ షాపా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె ఇంకో రొట్టె పెనం మీద వేస్తూ అంది, "ఆ కుర్చీ కోసమే గదక్కా ఇదంతా పోయింది. ఒక్కసారన్నా దాన్లో కూచోలా నేను. సంతకాల పుస్తకం ఇంటికొస్తది, వంటింట్లో గిన్నెల మధ్య పెట్టి సంతకం చేస్తా." "రేపు సభలో కూర్చో" అంది మరియమ్మ. కోటమ్మ ఆ మాట వింటూ పెనం మీది రొట్టె మాడబెట్టేసింది.

ఆ సాయంత్రం దీనమ్మ ఇంటి అరుగు మీద అర్జీ రాశాను. దీనమ్మ మిరప కోతల ముఠాకు పెద్ద. ఏ రైతు కల్లానికి ఎవరు వెళ్ళాలో ఆమె చెబితేనే పాతికమంది ఆటోలెక్కుతారు. ఏబై ఏళ్ళుంటాయి. కోడలు శిరీష పక్కనే కూర్చుని చంటిదానికి పాలు పడుతోంది. "వారానికి రెండు రోజులు నర్సు లోపల కూచోవాలి. తాళంచెవి పంచాయతీ ఆఫీసులో ఉండాలి. నర్సుతో మాట్లాడేటప్పుడు మొగుడు గానీ అత్త గానీ లోపల ఉండగూడదు" అని దీనమ్మ చెబుతుంటే నా పెన్ను ఆగింది. అత్తంటే ఆమే కదా! "నేనేనమ్మా. రాయి. నేను బయట కూచుంటా" అంది.

అర్జీ పైన ఎవరికని రాయను? 'గౌరవనీయులైన సర్పంచి కోటేశ్వరమ్మ గారికి' అని రాశాను, ఆ పేరు కొంచెం పెద్దక్షరాలతో.

మిరప కల్లం

పల్నాటిలో మార్చి నెలంటే ఊరి చుట్టూ ఎరుపు. కోసిన మిరపకాయల్ని కల్లాల్లో ఆరబోసి, రంగు పోయిన తాలు కాయల్ని ఆడవాళ్ళు కూర్చుని ఏరతారు. రోజుకు నాలుగు వందల కూలి. పొద్దున వెళితే పొద్దు వాలాకే లేస్తారు. గ్రామసభ పదకొండు గంటలకు పెట్టించాడు సాంబయ్య. ఆ వేళకు ఆడవాళ్ళెవరూ ఊళ్ళో ఉండరని ఆయన లెక్క.

ఆ లెక్క బాగానే ఉంది కానీ, మనిషికి ఆశ ఎక్కువ. సభ దగ్గర కూర్చుంటే కల్లంలో కూలివాళ్ళ మీద కన్నేసేదెవరు? ఒకే దెబ్బకు రెండు పిట్టలని, షామియానా తన కల్లం గట్టునే వేయించాడు. అటు సభ, ఇటు కాయలు, నడుమ తన కుర్చీ. పంచాయతీ ఆఫీసునుంచి తెప్పించిన పెద్ద చెక్కకుర్చీ అది, వెనక ఆయన తుండు వేలాడుతోంది. తాలు ఏరుతున్న పాతికమందీ ఆ ఊరి ఓటర్లేనని, గ్రామసభకు ఓటర్లంతా సభ్యులేనని ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. కూలోళ్ళు కూలోళ్ళేనని లోకువ.

సభలో మగవాళ్ళు ముప్ఫైమంది దాకా ఉన్నారు. పంచాయతీ సెక్రటరీ ఒక చిన్న వయసు అమ్మాయి. "సార్, మేడమ్ గారు రావాలి కదా" అంది. "ఆమె ఇంటికాడ టీ కాస్తా ఉంది. సంతకం నేను పెట్టిచ్చుకొస్తాలే, కానీయ్" అన్నాడు సాంబయ్య.

మురుగు కాలవల గురించి మొదలవగానే కల్లంలో దీనమ్మ లేచింది. ఆమె వెనక ఒక్కొక్కరూ లేచారు.

"మీరేందే ఇటొస్తన్నారు? కాయలెవరు ఏరతారు?" అని అరిచాడు సాంబయ్య.

"గ్రామసభంటే గ్రామంలో వాళ్ళదే గదయ్యా. మాకూ ఓట్లుండయ్" అని, షామియానా అంచున ఆగి, తన వాళ్ళవైపు తిరిగి, "దుమ్ముతో సభలోకి రాగూడదు. దులుపుకోండే" అంది ఎంతో మర్యాదగా.

పాతికమంది ఒక్కసారిగా చీర కొంగులు, తలగుడ్డలు, చీరల మీద తొడుక్కున్న మగచొక్కాలు దులిపారు. ఎండుమిరప ఘాటు గాలికి షామియానా కిందికి దూరింది. ముందువరసలో ఒక పెద్దాయన తుమ్మాడు. తర్వాత ఆయన పక్కాయన. తర్వాత ఎవరు తుమ్మారో చెప్పలేను, నేనూ తుమ్ముతున్నాను గనక. ఒక్క తుమ్మయితే ఆగమంటారు, రెండైతే పర్లేదంటారు. అన్ని తుమ్ములకు శాస్త్రంలో ఏముందో నాకు తెలియదు. ముఠాలో ఒక ముసలామె ప్రతి తుమ్ముకూ ఓపిగ్గా "చిరంజీవ, చిరంజీవ" అంటోంది. ఏళ్ళ తరబడి ఆ ఘాటులో బతికే ఆడవాళ్ళలో ఒక్కరికీ తుమ్ము రాలేదు.

సాంబయ్య కళ్ళు మూసుకుని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే కోటమ్మ టీ క్యానుతో వచ్చింది.

దీనమ్మ ఎదురెళ్ళి ఆ క్యాను అందుకుంది. "టీ మేం పోస్తాం. నువ్వు కూచో కోటమ్మా."

కోటమ్మ కదల్లేదు. ఖాళీ కుర్చీని చూస్తూ నిలబడింది. వెనక డ్రమ్ము దగ్గర మొగుడి దగ్గు వినపడుతోంది. ఆమె వెనక్కి చూడలేదు. ముందుకు నడిచి, కుర్చీ మీది తుండు తీసి, మడిచి, పక్క బల్ల మీద పెట్టి కూర్చుంది. నేను చప్పట్లు కొట్టబోతే మరియమ్మ చెయ్యి పట్టుకుంది.

సాంబయ్య ఎర్రటి కళ్ళతో తిరిగొచ్చాడు. "ఏందే ఇది? లెయ్యి. ఇంటికి పో."

"సభ జరుగుతా ఉంది. కూచోండి" అంది కోటమ్మ. గొంతు సన్నగా ఉంది కానీ ఆగలేదు. "అక్కడ టీ ఉంది, తాగండి."

ఆయన సెక్రటరీ వైపు చూశాడు. ఆ అమ్మాయి పుస్తకంలో రాసుకుంటూ, "ప్రెసిడెంటు గారి అధ్యక్షతన..." అని పైకి చదివింది. ఇక నిలబడితే బాగుండదని ఆయనకే తోచి, వెనకవరసలో కూర్చున్నాడు.

కోటమ్మ అర్జీ మొత్తం కూడబలుక్కుని చదివింది. తన పేరు దగ్గర ఒక క్షణం ఆగింది. ఒక పెద్దాయన తుమ్ము ఆపుకుంటూ, "అంత అవసరమైతే గురజాల పోతే సరిపోద్ది గదా" అన్నాడు. "యూరియా బస్తాకు మన ఊళ్ళో నీడ ఉంది. నీళ్ళోసుకున్న పిల్లకి లేదా పెదనాయనా?" అంది కోటమ్మ. ఆయనకు కాపురాలు చేసుకుంటున్న మనవరాళ్ళు ఇద్దరున్నారట. తల దించుకుని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి చూసి ఇంకొందరు ఎత్తారు. ముఠా చేతులు ఎప్పుడో లేచాయి, వేళ్ళ సందుల్లో మిరప గింజలతో.

కోటమ్మ తీర్మానాల పుస్తకం ఆ బల్ల మీదే, అందరూ చూస్తుండగా, తుండు పక్కన పెట్టుకుని సంతకం చేసింది. ఈసారి చప్పట్లు కొట్టకుండా నన్నెవరూ ఆపలేకపోయారు.

ఉపకేంద్రం

భోజనాల తర్వాత తాళం తీశారు. బస్తాలు మోయడానికి ముఠా సిద్ధపడింది. సాంబయ్య ట్రాక్టరు తెచ్చి, "నా మూటలు ఎవరూ ముట్టుకోమాకండి. నేనే మోసుకుంటా" అన్నాడు ఉక్రోషంగా. మోసుకోనిచ్చారు. గదులు కడిగి, బల్ల వేసి, నర్సు అమ్మాయికి ఫోను చేస్తే స్కూటీ మీద పరిగెత్తుకొచ్చింది. మా ఇద్దరినీ పక్కన కూర్చోమంది.

మొదట శిరీష వచ్చింది. దీనమ్మేమో తనన్న మాట ప్రకారం గడప బయటే కూర్చుని చంటిదాన్ని ఆడిస్తోంది. తలుపు వేశాక నర్సు అమ్మాయి పెన్ను తీస్తుంటే, నా నోటి నుంచి ఆ మాట దానంతట అదే వచ్చింది.

"నీకేం కావాలమ్మా?"

శిరీష వెనక్కి తిరిగి చూసింది, నేను ఇంకెవరినో అడుగుతున్నాననుకుని. అక్కడెవరూ లేరు. "నన్నేనా?" అంది. ఇద్దరు పిల్లలు చాలంది. ఓపెన్ డిగ్రీ కట్టింది, అది అయ్యేదాకా కడుపు రాకుండా ఇంజెక్షన్ కావాలంది. "ఆపరేషనంటే మా ఆయన్నే పొమ్మంటా. ఆయనకైతే చిన్న కోతేనంట గదా" అంది. నేనూ మరియమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముప్ఫై ఏళ్ళు మా గొంతులో ఇరుక్కున్న మాట ఇరవై రెండేళ్ళ పిల్ల నోట అలవోకగా వచ్చేసింది.

అందరి తర్వాత కోటమ్మ వచ్చి తలుపు తనే వేసింది. నేను లేచి నిలబడి, "నమస్కారం ప్రెసిడెంటు గారూ" అన్నాను. నిన్నటి నుంచీ బాకీ ఉన్న నమస్కారం. నవ్వి కూర్చుంది. ఆమెనూ అదే అడిగాను.

"అతికించుకోడం వద్దు. వారం దాకా ఎందుకు, ఇయ్యాలే చెప్తా ఆయనకి" అంది.

"ఇంకేమైనా?"

కిటికీలోంచి చూసింది. బయట సాంబయ్య ఆఖరి బస్తా ఎత్తుతూ మళ్ళీ తుమ్మాడు. ముసలామె "చిరంజీవ" అంది.

"వచ్చేసారి ఈ ఊరు ఆడోళ్ళ సీటు గాదంట, జనరలంట. అయినా నిలబడతా. ఫ్లెక్సీ మీద నా బొమ్మ నేనే ఏయించుకుంటా" అని, నర్సు ముందున్న రిజిస్టరు నావైపు జరిపింది. "ఏం కావాల్నని అడిగావు గదక్కా? రాసుకో మరి."

ఆ రిజిస్టరులో దానికి గడి లేదు. నర్సు అమ్మాయి నవ్వి పెన్ను ఇచ్చింది. పేజీ అంచున ఉన్న ఖాళీలో, నా సర్వీసు మొత్తంలో ఎప్పుడూ రాయనంత గుండ్రంగా రాశాను.